మొక్కై వంగనిది మానై వంగదా? ఆదోని వైపు తల్లి ఒకరు అడిగిన ప్రశ్నకు సమాధానం

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీది ఆదోని దగ్గర పల్లె. మీరూ మీ ఆయనా బెంగళూరులో బట్టల కంపెనీలో పని చేస్తున్నారు. పాపకు ఏడాదిన్నర నిండాక అత్తగారి దగ్గర వదిలి వెళ్ళారు, నాలుగేళ్లు వచ్చాక తెచ్చుకున్నారు. ఇప్పుడు అయిదు దాటింది. బడిలో ఎవరితోనూ కలవదు, మీ ఒళ్లోకి రాదు. అవ్వ ఫోను చేస్తే మాట్లాడనని మొహం తిప్పుకుంటుంది. ఫోను పెట్టేశాక మాత్రం గోడ వైపు తిరిగి ఏడుస్తుంది. దీనికి మీ ఆడబిడ్డ "మొక్కై వంగనిది మానై వంగునా" అని తేల్చేశారు. ఇంకో పక్క మీ మామగారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఏడాదిగా ప్రతిదానికీ కసురుకుంటున్నారు, చెప్పింది వినరు, రచ్చబండ దగ్గరికి పోవడం మానేశారు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మీ అత్తగారు వదిలేశారు. చివర మీరు అడిగింది ఇది: మనిషి మనసును తయారు చేసేది రక్తమా, పెంపకమా, పరిస్థితులా? ఏ వయసు దాకా మారుతుంది?

నేను మొదట నాలుగేళ్లు ఆలూరు, పత్తికొండ వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా తిరిగాను. తరువాత ఇరవై ఏడేళ్లు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మనోవిజ్ఞానం చెప్పాను. ఇప్పుడు కర్నూలులో విశ్రాంతిగా ఉన్నాను. వైద్యురాలిని కాను. కాబట్టి వైద్యం అవసరమైన చోట ఆ మాట చెప్పి ఊరుకుంటాను.

ఆ రెండు సామెతలూ ఒకదానికొకటి పడవు, గమనించారా? ఒకటి పెంపకమే సర్వమంటుంది, రెండోది పుట్టుకే సర్వమంటుంది. ఒకే ఇంట్లో రెండూ చెల్లుతున్నాయి! కోడలిని తప్పు పట్టాలంటే పెంపకం, ఇంటి పెద్దను వదిలేయాలంటే పుట్టుక. మన ఇళ్లలో ఇది కొత్త కాదు.

శిక్షణ కళాశాలలో ఏటా జూన్‌లో బోర్డు మీద ఒక సూత్రం రాసేదాన్ని: వ్యక్తి అంటే అనువంశికత ఇంటూ పరిసరం. కూడిక కాదు, గుణకారం. పిల్లలు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టేవారు. అర్థం కావాలంటే పొలం దగ్గరికి పోవాలి. ఒక చేను విస్తీర్ణంలో పొడవు వాటా ఎంత, వెడల్పు వాటా ఎంత అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? కెనడాకు చెందిన డోనాల్డ్ హెబ్ అనే మనస్తత్వవేత్త, పుట్టుకా పెంపకమా అని అడిగిన విలేకరికి ఇలాంటి ఎదురు ప్రశ్నే వేశారని చెబుతారు. ఒకటి లేకపోతే రెండోది సున్నా.

అయినా అంకెలు కావాలనే వాళ్లు ఉంటారు, అవీ ఉన్నాయి. యాభై ఏళ్ల పాటు కవలల మీద జరిగిన 2,748 అధ్యయనాలను కలిపి 2015లో ఒక లెక్క తీశారు. మొత్తం కోటీ నలభై అయిదు లక్షల కవల జంటలు. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల వైపు తేలింది. "మీ గుణంలో సగం మీ నాన్నది" అని దీనికి అర్థం చెప్పుకుంటారు, అది తప్పు. ఆ లెక్క ఒక మనిషి లోపలిది కాదు, మనిషికీ మనిషికీ మధ్య తేడాలది. ఒకే సంచీలో కలిసిన రకరకాల బుడ్డలు (వేరుశనగ విత్తనాలు) సగం ఎర్ర నేలలో, సగం నీళ్లున్న మంచి నేలలో వేశారనుకోండి. ఒకే చేలో ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ తేడా ఉంటే అది విత్తనం వల్ల కావచ్చు. రెండు చేలకూ ఉన్న తేడా మాత్రం నేల వల్ల, నీటి వల్ల. విత్తనం తేడా బయటపడాలన్నా నేల సహకరించాలి. అమెరికాలో ఏడేళ్ల కవలల మీద 2003లో వెలువడిన ఒక పరిశోధన ఇదే చూపించింది. కలిగిన కుటుంబాల్లో తెలివితేటల తేడాలకు ఎక్కువగా జన్యువులు కారణం. బాగా పేద కుటుంబాల్లో జన్యువుల ప్రభావం దాదాపు కనిపించలేదు, ఇంటి పరిస్థితే అంతా నిర్ణయించింది. కరువు చేలో మంచి విత్తనమూ నాసి విత్తనమూ ఒకే ఎత్తున ఎండిపోతాయి కదా.

అందుకే "ఏది కారణం" అని అడిగిన వాళ్లను నేను వేరే రెండు ప్రశ్నల వైపు తిప్పుతాను. ఎప్పుడు జరిగింది? అప్పుడు పక్కన ఎవరున్నారు? ముప్పై ఏళ్లు పిల్లల్నీ టీచర్లనూ చూశాక నాకు మిగిలినవి ఈ రెండే. మీ పాప విషయం కూడా వీటితోనే చూద్దాం.

పుట్టుకతో వచ్చేదాన్ని కొట్టిపారేయడం లేదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. కొందరు సులువైన పిల్లలు, కొందరు కష్టమైన పిల్లలు, ఇంకొందరు కొత్త చోట, కొత్త మనుషులతో నెమ్మదిగా అలవాటు పడే పిల్లలు. ఇది పాలు తాగే వయసులోనే కనిపిస్తుంది. వాళ్లు చెప్పిన అసలు మాట వేరే ఉంది. ఏ స్వభావమూ దానంతట అది మంచిదో చెడ్డదో కాదు, ఇంటి తీరుకూ పిల్ల తీరుకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే తేలుస్తుందని.

పత్తికొండ దగ్గర ఒక అంగన్‌వాడీలో ఒక పిల్లవాడు పదకొండు రోజులు గడప దాటి లోపలికి రాలేదు. రోజూ తలుపు చెక్క పట్టుకుని నిలబడేవాడు, లోపల పిల్లలు ఆడుతుంటే కళ్లతోనే ఆడేవాడు. రెండో రోజే వాడిని ఎత్తి లోపల కూర్చోబెట్టబోయాను, ఊరు ఏకమయ్యేలా ఏడ్చాడు. అక్కడి ఆయమ్మ నాకన్నా తెలివైనది. "మీరు పోండి మేడమ్, నేను చూసుకుంటాను" అని రోజూ గుగ్గిళ్ల గిన్నెను గడపకు ఒక జానెడు లోపలికి జరుపుతూ పోయింది. పన్నెండో రోజు గిన్నె గది మధ్యకు చేరింది, వాడూ చేరాడు. మీ పాప కూడా అలాంటి పిల్ల కావచ్చు. మీరు వదిలి వెళ్ళకముందు, ఏడాది వయసులో, కొత్త వాళ్లను చూస్తే ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. అప్పుడు కూడా చంక దిగకపోతే, ఇప్పుడు కనిపించే మౌనంలో కొంత మీ ఉద్యోగం వల్ల వచ్చింది కాదు.

మిగతా కొంత గురించి సూటిగా చెబుతాను. మీరంతా "రెండున్నరేళ్లు తల్లికి దూరమైంది" అని ఒకే గాయం లెక్కపెడుతున్నారు. నా లెక్కలో రెండున్నాయి. ఏడాదిన్నరకు మీరు వెళ్ళిపోవడం ఒకటి. నాలుగేళ్లకు అవ్వ నుంచి తీసుకొచ్చేయడం రెండోది. ఆ రెండోదాన్ని ఎవరూ విడిపోవడంగా చూడలేదు, ఎందుకంటే అది పెద్దవాళ్లకు సంతోషపు రోజు. కొత్త గౌను, బస్సు ప్రయాణం, పాప అమ్మ దగ్గరికి వచ్చేసింది. పాప వైపు నుంచి చూడండి. రోజూ తల దువ్వి, బువ్వ పెట్టి, రాత్రి పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి ఒక రోజు లేకుండా పోయింది. మీరే రాశారు, అవ్వను "అమ్మా" అని పిలిచేదని. మీకు అది గుచ్చుకుంది, అర్థమవుతుంది. కానీ పసిపిల్లలకు అనుబంధం ఒక్కరితోనే ఏర్పడుతుందన్న నియమం లేదు. ఈ విషయం మీద మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త మొదట ఉగాండా పల్లెల్లో, తరువాత అమెరికాలో పసిపిల్లలను గమనించి చూపినది ఏమిటంటే, పిల్లకు భయం వేసినప్పుడు పరుగెత్తుకెళ్ళడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఎప్పుడూ ఒకేలా అందుబాటులో ఉండాలి. మీ పాపకు ఆ మనిషి అవ్వ.

ఫోనులో మాట్లాడకపోవడం, తరువాత ఏడవడం మొండితనం కాదు. అలిగింది, అంతే. నిన్ను నమ్మితే మళ్లీ పోతావేమో అన్న లెక్క అది. అయిదేళ్ల పిల్లకు ఆ లెక్క మాటల్లో చెప్పడం రాదు.

మరి ఆలస్యమైపోయిందా? ఇక్కడే మీ ఆడబిడ్డ సామెతలో సగం నిజం ఉంది. రుమేనియాలో 1989 చివర నియంత చౌషెస్కూ కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల తలుపులు తెరుచుకున్నాయి. వేల మంది పసివాళ్లు ఎవరూ ఎత్తుకోని ఉయ్యాలల్లో పెరిగారు. బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు 136 మంది ఆశ్రమ పిల్లలను తీసుకుని, వాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు తెలివిలోనూ మనసులోనూ కోలుకున్నారు. రెండేళ్లు నిండకముందే వెళ్ళినవాళ్లు ఎక్కువగా, తరువాత వెళ్ళినవాళ్లు తక్కువగా. కాబట్టి మొదటి రెండేళ్లకు విలువ ఉంది, అది నిజం. కానీ మీ పాప ఏ ఆశ్రమంలోనూ పెరగలేదు. ఎత్తుకునే చేతులు మారాయి గాని, ఎత్తుకునే చేతులు లేని రోజు ఆ పిల్లకు ఒక్కటీ లేదు. ఈ తేడాను తక్కువ చేసుకోకండి.

ఇంకో మాట, మీ ఒక్కరి ఇంట్లోనే ఇలా జరగలేదు. మన పడమటి మండలాల నుంచి ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, పోయే ఇళ్లు ఎన్ని! ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి వైపు కువైట్‌కు వెళ్ళిన తల్లుల పిల్లలు అవ్వల దగ్గరే పెరుగుతారు. ఆ పిల్లలందరూ ఏమైపోయారు? హవాయి దీవుల్లో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ నలభై ఏళ్లు వెంబడించారు. పేదరికం, తాగుబోతు తండ్రులు, ఇంట్లో గొడవలు, ఇలా నాలుగైదు కష్టాలు ఒకేసారి ఉన్న పిల్లలు దాదాపు మూడో వంతు. ఆ మూడో వంతులో మళ్లీ మూడో వంతు చక్కగా, బాధ్యతగల మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో ముఖ్యంగా కనిపించింది, తమను వదలని పెద్దమనిషి కనీసం ఒక్కరు. చాలాసార్లు అది అవ్వో, తాతో, పక్కింటావిడో, టీచరో. మిగతావాళ్లలోనూ పద్దెనిమిదేళ్లకు చెడిపోయారనుకున్న వాళ్లు చాలా మంది ముప్పై, నలభై వచ్చేసరికి దారిలో పడ్డారు. మంచి భాగస్వామి దొరికి కొందరు, మళ్లీ చదువుకుని కొందరు, సైన్యంలో చేరి కొందరు. ఆ పరిశోధన చదివినప్పుడు మా ఊరి అవ్వలందరూ వరుసగా గుర్తుకొచ్చారు.

బడిలో మాట్లాడకపోవడం గురించి అడిగారు కదా, ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పనివ్వండి. ఆలూరు వైపు ఒక బడిలో మూడో తరగతి పిల్లవాడి గురించి నా పరిశీలన పుస్తకంలో "మందకొడి" అని రాశాను. ఏం అడిగినా తల దించుకునేవాడు. నెల తరువాత వాళ్ల తండాకు వెళ్ళాను. చింతచెట్టు కింద తన చెల్లెలికి లంబాడీ భాషలో ఏదో కథ చెబుతున్నాడు. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ, నలుగురు పిల్లలు నోరు తెరుచుకుని వింటుండగా. వాడికి రానిది తెలివి కాదు, తెలుగు. ఆ పుట చింపేశాను, కానీ ఆ మాట అప్పటికే టీచరు చెవిన పడింది, ఆయన వాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టేశాడు. మీ పాప పల్లెలో తెలుగుతో పెరిగి ఇప్పుడు బెంగళూరు బడిలో కన్నడం, ఇంగ్లీషు మధ్య కూర్చుంది. మాట్లాడకపోవడానికి అది ఒక్కటి చాలు. మీ దగ్గర, ఇంటి పక్క పిల్లల దగ్గర తెలుగులో మాట్లాడుతోందా? మాట్లాడుతుంటే భయపడాల్సింది తక్కువ.

తిండి సంగతి మన జిల్లాల వాళ్లు మర్చిపోకూడదు. మనసు పెరగడానికి పాటల కన్నా ముందు కావాల్సింది ఇనుము, అయోడిన్, మాంసకృత్తులు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడుపుతున్న 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లలను వెంబడిస్తోంది. అనంతపురం, కడప జిల్లాల పిల్లలూ అందులో ఉన్నారు. మొదలుపెట్టిన ఏడాదే ఘోరమైన కరువు. కరువు దెబ్బ తగిలిన పిల్లల ఎదుగుదల కుంటుపడింది. 2003 జనవరి నుంచి మన బడుల్లో వండి పెట్టిన మధ్యాహ్న భోజనం ఆ నష్టాన్ని చాలా వరకు పూడ్చిందని ఆ పిల్లల కొలతలే చూపించాయి. పసితనంలో ఎత్తు తగ్గినా తరువాత కోలుకున్న పిల్లలు, కోలుకోని వాళ్లకన్నా చదువులోనూ ముందున్నారు. ఒక గరిటె అన్నం, పప్పు, గుడ్డు. మనోవిజ్ఞానం పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం ఉండాలని నేను అనేదాన్ని, ఎవరూ వినలేదు.

అదే కరువు అందరినీ ఒకేలా తాకదు. అమెరికాలో 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లలను గ్లెన్ ఎల్డర్ పరిశీలించారు. ఓక్లండ్‌లో 1920, 21లలో పుట్టినవాళ్లు కష్టకాలానికి పదేళ్లు దాటినవాళ్లు. చిన్న పనులు చేసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చారు, బాధ్యత నేర్చుకున్నారు. బర్క్‌లీలో 1928, 29లలో పుట్టినవాళ్లు అదే కష్టాన్ని ఒడిలో ఉండగా అనుభవించారు. తండ్రి ఉద్యోగం పోయి ఇంట్లో రేగిన గొడవలన్నీ వాళ్ల మీద పడ్డాయి. వాళ్లలో మగపిల్లలు ఎక్కువ దెబ్బతిన్నారు. అనంతపురం వైపు నాకు తెలిసిన ఇళ్లలో కూడా ఇదే చూశాను. ఒకే కరువులో పెద్దవాడు ఎద్దులు అమ్మిన రోజును "నేను మగవాణ్ని అయిన రోజు" అని చెప్పుకుంటాడు. చిన్నవాడు ఆ రోజు నాన్న ఏడవడం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు మీద పడ్డప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. నెల తరువాత బడులు తెరిచాక ఒకటో తరగతి పిల్లలు వాన చినుకు పడితే బెంచీలు ఎక్కేవారు. నేను చూసినంతలో ఎక్కువ మంది సంక్రాంతికి మామూలయ్యారు. అమ్మానాన్నలు పక్కనే ఉండి, అదే బడి, అదే టీచరు దొరికిన పిల్లలు త్వరగా. ఇల్లు కూలి బంధువుల ఊళ్లకు చెదిరిపోయిన కుటుంబాల పిల్లలు ఆలస్యంగా. నీళ్లు అందరికీ వచ్చాయి, పక్కన ఉన్న మనుషులు మాత్రం అందరికీ మిగల్లేదు.

కౌమారం గురించి మీరు ఇప్పుడే బెంగపడనక్కరలేదు, ఇంకా ఏడేళ్లుంది. ఒకటే గుర్తుంచుకోండి. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా పక్వమయ్యేది ఇరవై దాటి మరి కొన్నేళ్లకు. అందుకే పదహారేళ్లకు పెళ్లి చేసినా, పదహారేళ్లకు "వీడింతే" అని ముద్ర వేసినా, ఉడకని అన్నం దించేసినట్టే.

పెద్దయ్యాక మారరన్నది మాత్రం పూర్తిగా అబద్ధం. మనుషుల స్వభావాలను ఏళ్ల తరబడి కొలిచిన 92 బృందాల వివరాలను 2006లో కలిపి చూశారు. ఇరవై నుంచి నలభై మధ్య మనిషిలో బాధ్యత, నిలకడ పెరుగుతాయి, అరవైలలో కూడా మార్పు ఆగదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు మనిషిని లాగి మారుస్తాయి. మీరే చూసుకోండి. బెంగళూరు వెళ్ళకముందు ఒంటరిగా ఆదోని బస్టాండుకు పోవడానికి జంకేదాన్నని రాశారు. ఇప్పుడు నలభై మంది కుట్టే లైనుకు సూపర్‌వైజర్. మాను వంగింది కదా!

ఇక మీ మామగారు. ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. పాప కన్నా ఆయన గురించే నాకు తొందర ఎక్కువగా ఉంది.

వయసు పైబడితే బుద్ధి మందగిస్తుందని మనం ఒక్క మాటలో అనేస్తాం. అమెరికాలో సియాటిల్‌లో 1956లో వార్నర్ షాయ్ మొదలుపెట్టిన అధ్యయనం ఆ ఒక్క మాటను ముక్కలు చేసింది. వేగం ముందు తగ్గుతుంది. మాటల సంపద, లోకజ్ఞానం అరవైలలోనూ నిలుస్తాయి. మనుషులను తగ్గించుకోవడం కూడా ప్రతిసారీ జబ్బు కాదు. మిగిలిన కాలం తక్కువని తెలిసినవాళ్లు పది మందిని వదిలి తమకు ముఖ్యమైన ముగ్గురిని పట్టుకుంటారని లారా కార్‌స్టెన్‌సన్ అనే పరిశోధకురాలు చూపారు. మామగారు రచ్చబండ మానేసి మనవరాలి ఫోను కోసం ఎదురు చూస్తుంటే అది వేరు. కానీ మీరు రాసిన దాంట్లో రెండు గుర్తులు నన్ను ఆపాయి. మీ ఆయన మాట్లాడితే సరిగ్గా జవాబిస్తారు, మీరూ అత్తగారూ మాట్లాడితే పట్టించుకోరు. టీవీ పెద్దగా పెడతారు.

మా పెదనాన్న అచ్చంగా ఇలాగే ఉండేవాడు. కొడుకులు పిలిస్తే పలికేవాడు, కోడళ్లు పిలిస్తే పలికేవాడు కాదు. "ముసలాయనకు మేమంటే లెక్కలేదు" అని మా వదినలు రెండేళ్లు కుమిలారు. ఆయన "నన్ను చూసి గుసగుసలాడుతున్నారు" అని అన్నం దగ్గర గిన్నె తోసేసేవాడు. చివరికి ఎవరో చెవి పరీక్ష చేయించారు. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నని శబ్దాలను తీసేస్తుంది. మగ గొంతు లావు కాబట్టి వినిపిస్తుంది, ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు తెగిపోయి వినిపిస్తాయి. "స", "త", "ప" లాంటి అక్షరాలు మాయమవుతాయి. ఇంట్లో ఇంత కక్ష పెరిగింది ఆ లోపం వల్ల! యంత్రం పెట్టిన మొదటి రోజు ఆయన మా చిన్న వదినతో అన్న మాట: "నువ్వు ఇంత నెమ్మదిగా మాట్లాడతావా తల్లీ?"

ఇది ఊరికే చెప్పడం లేదు. మతిమరుపు జబ్బును ముందుకు తెచ్చే కారణాల్లో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయని, అవన్నీ సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులు తప్పించవచ్చో వాయిదా వేయవచ్చో అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్క చెప్పింది. వినికిడి లోపం ఆ పట్టికలో ముఖ్యమైనది. బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, కంటి చూపు కూడా అందులో ఉన్నాయి. వీటిలో ఒక్కటీ "పుడకలతో గాని పోదు" అనేది కాదు.

ఆయనకు కన్నడం వచ్చా? ఆదోని మార్కెట్‌కు పత్తి తోలిన వయసువాళ్లకు తెలుగుతో పాటు కన్నడమో ఉర్దూయో వచ్చి ఉంటుంది. హైదరాబాద్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు ఒకే భాష మాట్లాడేవాళ్ల కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రాని వాళ్లలో కూడా. ఇది హామీ కాదు. కానీ నోరు విప్పి నలుగురితో మాట్లాడటం ముసలితనంలో వ్యాయామమే. చెవి వినిపించని మనిషి ముందు మానేసేది అదే.

ఇప్పుడు చేయాల్సినవి. పాప విషయంలో అవ్వను దూరం పెట్టకండి. పాప ఏడుస్తుందని ఫోను ఆపేద్దామనుకుంటున్నారు, వద్దు. ప్రతి రాత్రి ఒకే వేళకు, అయిదు నిమిషాలు, వీడియోలో. పాపను మాట్లాడమని అడగకూడదు. అవ్వ తన పని తాను చేసుకుంటూ, బుడ్డలు ఒలుస్తూనో కోళ్లకు గింజలు వేస్తూనో, తనే మాట్లాడుతూ పోవాలి. మొదటి రెండు వారాలు పాప తెర వైపు చూడకపోవచ్చు. చూడనివ్వండి, గుగ్గిళ్ల గిన్నె ఒక జానెడు జరిగినట్టే. మీరు డ్యూటీకి వెళ్ళేటప్పుడు కళ్లుగప్పి వెళ్ళకండి, ఏడ్చినా సరే చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకు రండి. బొమ్మలు కొనడం కన్నా రోజూ ఒకే పని మీ చేత్తో చేయండి. నూనె రాసి జడ వేయడం చాలు, అత్తగారు వేసినట్టే, అదే పాట తెలిస్తే అదే పాటతో. బడిలో ముప్పై మందితో కలవమని తోయకుండా ఆదివారం ఒక్క పిల్లను ఇంటికి పిలవండి.

ఆరు నెలలకూ ఇంటి బయట ఎవరితోనూ ఒక్క మాటా లేకపోతే, వచ్చిన మాటలు తగ్గుతుంటే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. అది మీకు కూడా. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాసి, దాన్ని ప్రశ్నగా అడగకుండా వదిలేశారు.

మామగారిని వచ్చే పండుగకు ఊరు వెళ్ళినప్పుడు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆదోనిలో కుదరకపోతే కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చెవిలో గుమిలి ఉందేమో ముందు చూడమనండి, కొన్నిసార్లు కథ అక్కడితో అయిపోతుంది. తరువాత వినికిడి పరీక్ష. అదే రోజు కళ్లు, షుగరు, థైరాయిడ్, బి12 కూడా చూపించండి. నవ్వడం మానేశారా, తిండి తగ్గిందా అన్నదీ డాక్టరుకు చెప్పండి, ముసలితనంలో దిగులు కొన్నిసార్లు కోపం రూపంలో బయటపడుతుంది. ఆయన రానంటారు. "మీకు చెవుడు" అని తీసుకెళ్ళలేరు, "మనవరాలి మాట ఫోనులో మీకు స్పష్టంగా వినబడాలని" అంటే రావచ్చు. పరీక్ష కాగితంలో కుడి చెవికి, ఎడమ చెవికి విడివిడిగా, ఎంత పెద్ద శబ్దమైతే వినిపిస్తోందో డెసిబెల్స్‌లో రాస్తారు. నలభై దాటితే యంత్రం గురించి అడగండి. ఆదాయం తక్కువైన వృద్ధులకు కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇచ్చే శిబిరాలు జరుగుతుంటాయి, ఆధార్, రేషన్ కార్డు దగ్గర ఉంచుకోండి. యంత్రం పెట్టాక మొదటి నెల గిన్నెల చప్పుడు కూడా భరించలేనంటారు, తీసి అల్మారాలో పడేస్తారు. రోజుకు అరగంటతో మొదలుపెట్టించండి, ఆ అరగంట పాప ఫోను చేసే వేళ అయితే మంచిది.